తెలుగు ఊళ్లలో జనన, మరణ, వివాహ రికార్డులు: వంశ చరిత్ర వెతికేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తాతముత్తాతల వివరాలు వెతికేవాళ్లకు సందేహాలు దాదాపు ఒకేలా వస్తాయి. ఏ ఆఫీసుకు వెళ్లాలి, ఏ ఏడు చెప్పాలి, ఏ పేరుతో అడగాలి అనేవే ఎక్కువ. ఒకరికి చెప్పిన జవాబే ఇంకొకరికీ చెప్పాల్సి వస్తుండటంతో అన్నీ ఇక్కడ రాసి పెట్టాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మూలాలున్న కుటుంబాల కోసం రాసింది ఇది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన చోట చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా ముత్తాత 1900 ప్రాంతంలో పుట్టాడట. ఆయన బర్త్ సర్టిఫికెట్ దొరుకుతుందా?

సర్టిఫికెట్ కోసం వెతకకండి, రిజిస్టర్‌లో ఎంట్రీ కోసం వెతకండి. ఆ కాలంలో పల్లెల్లో పుట్టినవాళ్లకు సర్టిఫికెట్ తీసుకునే అలవాటే లేదు. అయితే నమోదు అనేది ఉండేది. 1886లో దేశం మొత్తానికి వచ్చిన చట్టం కింద నమోదు స్వచ్ఛందం. కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ 1899లో జనన మరణాల నమోదుకు విడిగా చట్టం చేశారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం, 1970 నుంచి అమలైంది. కాబట్టి 1970 తర్వాత పుట్టినవాళ్లకు ఆశ ఎక్కువ. అంతకుముందు వాళ్ల విషయంలో ఆ ఊరి రిజిస్టర్ చెదలు, వానలు తట్టుకుని మిగిలిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ ముత్తాత ఎంట్రీ దొరక్కపోయినా ఆయన పేరు భూమి దస్తావేజులోనో, కొడుకు స్కూలు రికార్డులోనో కనిపించే అవకాశం బాగానే ఉంది.

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? ఆన్‌లైన్‌లోనా, ఊళ్లోనా?

ఇంట్లో. ఆఫీసులో గుమస్తా అడిగే మొదటి రెండు ప్రశ్నలు ‘ఏ ఊరు, ఏ సంవత్సరం’. ఈ రెండూ తెలియకుండా వెళితే తిరిగి రావాల్సిందే. పాత ట్రంకుపెట్టె తీసి చూడండి. దస్తావేజులు, ఎస్సెస్సెల్సీ పుస్తకం, లగ్నపత్రిక, శుభలేఖలు, జాతకం, పెన్షన్ కాగితాలు, పాత రేషన్ కార్డు ఏదైనా పనికొస్తుంది. ఫొటోల వెనక్కి కూడా తిప్పి చూడండి, చాలామంది తేదీ అక్కడే రాసేవాళ్లు.

తర్వాత పెద్దవాళ్లతో కూర్చోండి, ముఖ్యంగా ఆడవాళ్లతో. ఎవరి కాన్పు ఎక్కడ జరిగిందో, ఏ బిడ్డ పురిట్లోనే పోయిందో, ఎవరిని ఎవరికి దత్తత ఇచ్చారో వాళ్లకు తెలిసినంతగా ఇంట్లో మగవాళ్లకు తెలియదు. ఇది వాయిదా వేయవద్దు. రిజిస్టర్ ఇంకో ఏడాది ఆగుతుంది, ఎనభై అయిదేళ్ల పెద్దమ్మ జ్ఞాపకం ఆగుతుందని చెప్పలేం.

మా పెద్దవాళ్లు తేదీలు చెప్పరు. “ఉప్పెన వచ్చిన ఏడు”, “కరువులో పుట్టాడు” అంటారు. దాన్ని ఎలా పట్టుకోవాలి?

అది మంచి ఆధారమే. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. హైదరాబాద్ మీద పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 1953 అక్టోబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న. గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, 2015 సంవత్సరాల్లో జరిగాయి. ఇంకా వెనక్కి వెళితే ‘ధాత కరువు’ అంటే 1876-78 నాటి మహా కరువు, ‘నందన కరువు’ అంటే 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువు. రెండింటికీ ఆ తెలుగు సంవత్సరాల పేర్లే వచ్చాయి.

పెద్దవాళ్లను ‘ఏ సంవత్సరం’ అని అడిగితే ‘నాకేం గుర్తురా’ అంటారు. ‘ఉప్పెనకు ముందా, తర్వాతా? అప్పటికి చిన్నత్తయ్య పెళ్లయిందా? నువ్వు అప్పుడు బడికి పోతున్నావా?’ అని అడగండి. రెండు మూడు జవాబులు కలిస్తే రెండేళ్ల తేడాలోకి వస్తుంది. రిజిస్టర్ వెతికించడానికి అంత చాలు.

జాతకంలో “శ్రీముఖ నామ సంవత్సరం, మాఘ మాసం” అని ఉంది. ఇంగ్లిష్ తేదీ ఎలా తెలుస్తుంది?

తెలుగు సంవత్సరాలు అరవై. అవి తిరిగి తిరిగి వస్తాయి. ప్రభవ 1867లో, 1927లో, 1987లో ఉగాదికి మొదలైంది. శ్రీముఖ అందులో ఏడోది కాబట్టి 1933-34 కావచ్చు, 1993-94 కావచ్చు. ఏ ఆవృత్తి అన్నది మనిషి వయసును బట్టి మీకే తెలిసిపోతుంది.

ఇక్కడ రెండు చోట్ల చాలామంది పొరపడతారు. సంవత్సరం ఉగాదికి మారుతుంది, జనవరి 1కి కాదు. కాబట్టి శ్రీముఖ మాఘం 1933 కాదు, 1934 ఆరంభంలోకి వస్తుంది. రెండోది, పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. తెల్లవారుజామున మూడింటికి పుట్టిన బిడ్డకు జాతకంలో ముందురోజు వారం రాస్తారు, ఆసుపత్రిలో తర్వాతి తేదీ వేస్తారు. ఒక్కరోజు తేడా కనిపిస్తే రెండూ నిజమే కావచ్చు. తిథి, వారం, నక్షత్రం మూడూ జాతకంలో ఉంటే పాత పంచాంగం చూసి పురోహితుడు కచ్చితమైన తేదీ చెప్పగలడు.

తాతయ్య పోయిన తేదీ ఎవరికీ గుర్తులేదు, కానీ తద్దినం పెడతాం. అది పనికొస్తుందా?

చాలా పనికొస్తుంది. తద్దినం తిథి ప్రకారం పెడతారు కాబట్టి మాసం, పక్షం, తిథి మీ ఇంట్లో తరతరాలుగా భద్రంగా ఉన్నట్టే. పోయిన ఏడు ఒక్కటి తేలితే పంచాంగం నుంచి తేదీ వస్తుంది. ఆ తేదీ పట్టుకుని మరణాల రిజిస్టర్‌లో వెతికించడం తేలిక.

## ఏ ఊరు, ఏ ఆఫీసు

నాన్న పుట్టి పెరిగిన ఊళ్లో రికార్డు లేదంటున్నారు. మరి ఎక్కడ ఉంటుంది?

నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఒక్కసారి ఆలోచించండి, మీ నాన్నగారు నిజంగా ఆ ఊళ్లోనే పుట్టారా? మనలో కాన్పుకు, అందులోనూ తొలి కాన్పుకు, ఆడపిల్ల పుట్టింటికి వెళుతుంది. జననం నమోదయ్యేది జరిగిన చోట, కుటుంబం కాపురమున్న చోట కాదు. కాబట్టి మీ నాన్న ఎంట్రీ మీ నాన్నమ్మ పుట్టింటి ఊళ్లో ఉండే అవకాశం ఎక్కువ. మూడో నెలలో తీసుకొచ్చి పెంచిన ఊరినే ‘సొంతూరు’ అంటాం, కానీ ఆ ఊరి రిజిస్టర్‌కు ఆ బిడ్డ తెలియదు.

మరణాల విషయంలోనూ అంతే. జబ్బు చేసి గుంటూరులోనో, కర్నూలులోనో పెద్దాసుపత్రికి తీసుకెళితే అక్కడ పోయినవాళ్ల నమోదు ఆ పట్నంలోనే జరుగుతుంది. దహనం ఊళ్లో జరిగింది కదా అని ఊళ్లో వెతికితే దొరకదు. అందుకే మనిషికి ఒక్క ఊరు కాకుండా నాలుగు ఊళ్లు రాసుకోండి: సొంతూరు, తల్లి పుట్టిల్లు, అత్తవారూరు, చివరి రోజుల్లో ఉన్న ఊరు.

మా ఊరు ఇప్పుడు ఒక జిల్లా, కాగితాల్లో ఇంకో జిల్లా. ఎవరిని అడగాలి?

పుట్టిన ఏడాదిలో ఆ ఊరు ఏ తాలూకా, ఏ జిల్లా అన్నది ముందు తేల్చుకోండి. గుంటూరు జిల్లా 1904లో, పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడ్డాయి. శ్రీకాకుళం 1950, ఖమ్మం 1953, ప్రకాశం 1970, రంగారెడ్డి 1978, విజయనగరం 1979. భద్రాచలం ప్రాంతం 1959 వరకు తూర్పు గోదావరి కింద ఉండేది. అదే ఏడాది మునగాల కృష్ణా జిల్లా నుంచి నల్గొండలోకి వెళ్లింది. తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016 అక్టోబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్లీ విడిపోయాయి.

జిల్లా విడిపోయినప్పుడు పాత కాగితాలన్నీ కొత్త ఆఫీసుకు వచ్చేస్తాయని అనుకోవద్దు. ఇప్పటి తహసీల్దారు ఆఫీసులో లేదంటే పాత తాలూకా కేంద్రంలో కూడా అడగండి.

కరణం, మునసబుల కాలం నాటి పుట్టుక, చావు లెక్కలు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఆంధ్ర ప్రాంతంలో మునసబు, కరణం, తెలంగాణలో పటేల్, పట్వారీ ఊరి లెక్కలు చూసేవాళ్లు. 1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. వాళ్ల దగ్గరున్న దఫ్తరాలు (రికార్డు కట్టలు) ప్రభుత్వానికి అప్పగించాలి. అలా అప్పగించినవి రెవెన్యూ వైపు చేరాయి. కాబట్టి పాతవాటికి తహసీల్దారు ఆఫీసు రికార్డు గది, తర్వాతి కాలానికి గ్రామ పంచాయతీ, ఈ రెండూ అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ దరఖాస్తు తీసుకుంటారు.

ఊళ్లో పాత కరణం గారి కుటుంబం ఉంటే మర్యాదగా వెళ్లి కలవండి. కాగితం ఇవ్వడానికి ఏమీ లేకపోయినా, ఏ ఇల్లు ఎవరిది, ఎవరు ఎప్పుడు ఊరు వదిలారు అన్నది ఆ ఇళ్లలో చాలామందికి తెలుస్తుంది.

పట్నంలో పుట్టినవాళ్లకు?

మునిసిపాలిటీ లేదా కార్పొరేషన్. నమోదు పట్నాల్లో పల్లెల కంటే బాగుండేది, ఆసుపత్రి కాన్పులు అయితే ఇంకా నయం. హైదరాబాద్ విషయంలో ఒక జాగ్రత్త: 2007లో 12 మునిసిపాలిటీలను, కొన్ని పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశారు. కూకట్‌పల్లిలోనో, ఎల్బీ నగర్‌లోనో అంతకుముందు జరిగిన జననం అప్పటి మునిసిపాలిటీ రిజిస్టర్‌లో ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఏ సర్కిల్ ఆఫీసు చూస్తోందో కనుక్కుని అక్కడికి వెళ్లండి.

మాది తెలంగాణ. పాత కాగితాలన్నీ ఉర్దూలో ఉన్నాయి, సంవత్సరం 1350 అని ఉంది. అదేంటి?

అది ఫసలీ సంవత్సరం, అంటే పంట, శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. 590 కలిపితే ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, తర్వాతి ఏడాదిలో కొంత భాగం కూడా అందులోకే వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940-41. నిజాం రాజ్యంలో ఏడాది ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు తొలి రోజుల్లో మొదలయ్యేది. తర్వాత దై, బహమన్, ఇస్ఫందార్ ఇలా పన్నెండు నెలలు. మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఖమ్మం ఇటు, కృష్ణా అటు అయ్యేసరికి ఒకే ఫసలీకి రెండు లెక్కలు వస్తాయి, సరిహద్దు ఊళ్లవాళ్లు ఇది చూసుకోవాలి.

ఉర్దూ షికస్తా (గొలుసుకట్టు) రాత అందరూ చదవలేరు. తహసీల్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లు, పాత వకీళ్ల గుమస్తాలు, మసీదు పెద్దలు సాయం చేస్తారు. ఫొటో తీసి పంపించేటప్పుడు ఒక్క లైను కాకుండా పేజీ మొత్తం తీయండి. పైనున్న గళ్ల పేర్లు కనిపిస్తేనే చదివేవాళ్లకు అర్థమవుతుంది.

స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళితే అన్నీ దొరుకుతాయా?

ఊరి పుట్టుకల రిజిస్టర్ల కోసం వెళితే నిరాశే. ఆర్కైవ్స్‌కు వేరే గొప్పతనం ఉంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌లో మొఘలుల కాలం నుంచి ఆసఫ్‌జాహీల (హైదరాబాద్ నిజాముల) వరకు కాగితాలున్నాయి. కోస్తా, సీమవాళ్లకు మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మీ పూర్వీకులకు ఇనాం భూమి (పన్ను లేకుండానో, తగ్గించో ఇచ్చిన భూమి) ఉండేదని ఇంట్లో చెబితే 1860ల నాటి ఇనాం కమిషన్ రిజిస్టర్లు తప్పక చూడండి. అర్చకులు, పండితులే కాదు, ఊరి వడ్రంగి, కుమ్మరి, మంగలి లాంటి వృత్తులవాళ్లకు ఇచ్చిన ఇనాములు కూడా వాటిలో ఉంటాయి. భూమి మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అన్నది రాసేవాళ్లు కాబట్టి తండ్రీకొడుకుల పేర్లు బయటపడతాయి.

## దరఖాస్తు పెట్టేటప్పుడు

సొంత తాత కాదు, తాత అన్నగారి రికార్డు కావాలి. నాకు ఇస్తారా?

1969 చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టర్‌లో వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఒక్క పరిమితి: మరణ ధ్రువపత్రంలో చావుకు కారణం బయటపెట్టకూడదు. కౌంటర్ దగ్గర మాత్రం గుర్తింపు కార్డు, చుట్టరికం అడుగుతారు. గొడవ పడకుండా, ఒక కాగితం మీద వంశవృక్షం గీసి మీరెక్కడ, ఆయనెక్కడ అని చూపించండి. బొమ్మ చూశాక చాలామంది ఉద్యోగులు వాళ్లంతట వాళ్లే ఆసక్తిగా వెతుకుతారు.

దరఖాస్తులో ఏం రాయాలి?

తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు, పాత తాలూకా, కచ్చితమైన ఏడు తెలియకపోతే మూడు నుంచి అయిదేళ్ల వ్యవధి. ‘1938 నుంచి 1942 వరకు జననాల రిజిస్టర్‌లో వెతికి ఈ తండ్రి పేరున ఉన్న ఎంట్రీలన్నీ ఇవ్వగలరు’ అని రాయండి. ‘అన్నీ’ అన్నది ముఖ్యం. మీకు తెలియని అన్నదమ్ములు, పసితనంలో పోయిన బిడ్డలు అలాగే బయటపడతారు.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద, ఆ ఏళ్ల రిజిస్టర్లు ఏ ఆఫీసులో ఉన్నాయని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రిజిస్టర్ ఎక్కడుందో రాతపూర్వకంగా తెలియడమే సగం పని.

మీసేవలో పేరు కొడితే రాలేదు. అంటే రికార్డు లేనట్టేనా?

కాదు. కంప్యూటర్‌లోకి ఎక్కించినవే అక్కడ కనిపిస్తాయి. పాత పుస్తకాల్లో చాలావరకు ఎక్కలేదు, ఎక్కినవాటిలోనూ పేర్లు తప్పు పడ్డాయి. రిజిస్టర్ చేత్తో తిరగేయమని రాతపూర్వకంగా అడగాలి.

ఎంట్రీ దొరికింది, కానీ పేరు లేదు. “మగశిశువు” అని మాత్రమే ఉంది. ఇది మా తాతేనా?

పాత రిజిస్టర్లలో ఇది మామూలు. కబురు అందిన వెంటనే రాసేవాళ్లు, బారసాల తర్వాత ఎవరూ వెళ్లి పేరు చేర్పించేవాళ్లు కాదు. తల్లిదండ్రుల పేర్లు, ఇంటిపేరు, కులం గడి, ఎన్నో కాన్పు అన్నది ఉంటే అది, జాతకంలోని వారం, ఇవన్నీ కలిపి చూడండి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు సుబ్బయ్యలు ఉండటం కొత్తేమీ కాదు, తల్లి పేరు కలిసేదాకా ఖాయం చేయవద్దు. మీ తాతకు ముందు పుట్టి చనిపోయిన బిడ్డ ఎంట్రీ అది కాదని కూడా చూసుకోవాలి. దానికి మరణాల రిజిస్టర్‌లో ఆ ఏడు, తర్వాతి ఏడు తిరగేస్తే చాలు.

“రికార్డు లభ్యం కాలేదు” అని సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. అది ఎందుకు నాకు?

తీసుకోండి. వీసా, ఇమిగ్రేషన్ పనులకు అది విలువైన కాగితం. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు జనన ధ్రువపత్రం లేనప్పుడు ఈ పత్రాన్నీ, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లనూ, స్కూలు రికార్డునూ చూస్తారు. వంశ చరిత్ర వైపు నుంచి చూస్తే, ఏ ఏళ్లు వెతికారో అందులో రాయించుకుంటే మీ తర్వాత వెతికేవాళ్లు అదే పని మళ్లీ చేయనక్కర్లేదు.

లేకపోతే ఇప్పుడు కొత్తగా నమోదు చేయించవచ్చా?

ఏడాది దాటిన జనన, మరణాలకు ఆలస్యపు నమోదు ఉంది. ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2023 సవరణతో జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు. మన దగ్గర ఈ పని సాధారణంగా ఆర్డీవో ఆఫీసులో జరుగుతుంది. ఆస్తికో, పాస్‌పోర్టుకో అవసరమైతే చేయించుకోండి. వంశవృక్షం నింపడం కోసమైతే వద్దు. ఈరోజు మనం చెప్పిన తేదీ రేపు ప్రభుత్వ రికార్డుగా మారి, మన మనవళ్లు దాన్నే రుజువు అనుకుంటారు.

## పెళ్లిళ్లు

తాతయ్య, నాన్నమ్మల మ్యారేజ్ సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది?

హిందూ కుటుంబాలకు దాదాపు దొరకదు. 1955 హిందూ వివాహ చట్టంలో రిజిస్ట్రేషన్‌కు వీలు కల్పించారు కానీ అందరూ చేయించుకోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తప్పనిసరి నమోదు చట్టం 2002లో వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ అదే చెప్పింది. అంతకుముందు పెళ్లికి ఆధారాలు లగ్నపత్రిక, శుభలేఖ, కట్నకానుకల పద్దు పుస్తకం, పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన పొలం దస్తావేజు. ఈ చివరిది వదలవద్దు. అందులో తండ్రి, కూతురు, అల్లుడు, అల్లుడి తండ్రి, ఊరు అన్నీ ఒకే పేజీలో ఉంటాయి.

మేము క్రైస్తవులం. మాకు తేలికా?

చాలా తేలిక. చర్చి పుస్తకాల్లో బాప్తిస్మం, పెళ్లి, సమాధి మూడూ విడివిడిగా ఉంటాయి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టర్ తప్పనిసరి. ఏ సంఘమో ముందు తెలుసుకోండి. క్యాథలిక్కులు, లూథరన్లు, ఆంగ్లికన్లు పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు, కాబట్టి తేదీ పుట్టుకకు దగ్గరగా ఉంటుంది. బాప్టిస్టులు పెద్దయ్యాక ఇస్తారు, ఆ తేదీని పుట్టిన తేదీ అనుకోకూడదు. 1878 జూలై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది, ధాత కరువు రోజులవి. ప్రకాశం, నెల్లూరు, గుంటూరు వైపు చాలా కుటుంబాలకు మొదటి రాతపూర్వక ఆధారం ఆ కాలం పుస్తకాలే. దళిత కుటుంబాల పేర్లను ప్రభుత్వ కాగితాలు పట్టించుకోని కాలంలో మిషన్ పుస్తకాలు ఒక్కొక్కరి పేరూ రాశాయి. నాకు వాటి మీద గౌరవం అందుకే.

ముస్లిం కుటుంబాల నిఖా వివరాలు?

నిఖా చేయించిన ఖాజీ దఫ్తర్‌లో నిఖానామా నకలు ఉంటుంది. తెలంగాణలో వక్ఫ్ బోర్డు ఖాజీల రికార్డుల ఆధారంగా వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. వధువు, వరుడు, వాళ్ల తండ్రులు, సాక్షులు, మెహర్ (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము) అన్నీ రాసి ఉంటాయి. సాక్షులు ఎక్కువగా దగ్గరి చుట్టాలే కాబట్టి ఆ పేర్లూ రాసుకోండి.

## నేరుగా దొరకనప్పుడు

స్కూలు రికార్డులో జూలై 1 అని ఉంది. నమ్మవచ్చా?

సంవత్సరాన్ని కొంచెం, తేదీని అసలు వద్దు. బడులు జూన్‌లో తెరిచేవాళ్లు. పిల్లవాడికి అయిదేళ్లు నిండినట్టు ఉండాలి కాబట్టి హెడ్మాస్టరు వెనక్కి లెక్కగట్టి ఒక తేదీ వేసేవాడు. అందుకే ఒక తరం మొత్తానికి జూన్, జూలై పుట్టినరోజులు కనిపిస్తాయి. అయినా అడ్మిషన్ రిజిస్టర్ తప్పక చూడండి. తండ్రి పేరు, వృత్తి, ముందు చదివిన ఊరు అందులో ఉంటాయి.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వంశ చరిత్రకు ఏం ఉంటుంది?

నా అభిప్రాయంలో మన తెలుగు కుటుంబాలకు ఇంతకంటే పెద్ద నిధి లేదు. అమ్మకం దస్తావేజులో కూడా ‘ఫలానావారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్థుడు, సుమారు ఇన్నేళ్లవాడు’ అని ఉంటుంది. భాగపంపకాల దస్తావేజు దొరికితే మూడు తరాలు ఒకేసారి దొరికినట్టే. అన్నదమ్ములు, పోయిన అన్న భార్య, మైనరు కొడుకులు, పెళ్లికాని చెల్లెలు, దత్తపుత్రుడు అందరూ వరసగా కనిపిస్తారు.

ఈసీలు (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్లు) 1983 నుంచి ఆన్‌లైన్‌లో ఉన్నాయి, అంతకుముందువి ఆఫీసులో చేత్తో వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం ఎవరైనా చూడవచ్చు. వీలునామా నకలు మాత్రం రాసిన మనిషి బతికున్నంతకాలం ఆయనకే ఇస్తారు, పోయిన తర్వాత ఎవరు అడిగినా ఇస్తారు. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ, ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), అడంగల్ అనే భూమి రికార్డులు కూడా అడగండి.

అమెరికాలో వాళ్లు పాత జనాభా లెక్కలు చూసి పూర్వీకులను కనుక్కుంటారు. మనకూ కుదురుతుందా?

కుదరదు. అక్కడ 72 ఏళ్ల తర్వాత ఇంటింటి వివరాలు విడుదల చేస్తారు, 1950 నాటివి 2022లో బయటికి వచ్చాయి. మన 1948 సెన్సస్ చట్టం ప్రకారం వ్యక్తుల వివరాలు ఎవరూ చూడటానికి వీల్లేదు. ఊరి మొత్తం అంకెలు మాత్రమే దొరుకుతాయి.

కాశీ, గయలో పండాల దగ్గర మా వాళ్ల పేర్లు ఉంటాయంటారు, నిజమా?

ఉండవచ్చు. యాత్రకు వచ్చినవాళ్ల పేర్లు, ఊరు, వెంట వచ్చినవాళ్ల వివరాలు పండాలు (అక్కడి తీర్థ పురోహితులు) ప్రాంతాలవారీగా పుస్తకాల్లో రాసుకునేవాళ్లు. వెళ్లేముందు పాత జిల్లా పేరు, ఇంటిపేరు, గోత్రం, తాత పేరు రాసుకోండి. కాశీయాత్ర చేసిన పెద్దలు లేని ఇంటికి అక్కడ ఏమీ దొరకదు, అందులో బాధపడాల్సింది లేదు.

ఆడవాళ్ల వైపు రెండు తరాలు దాటితే పేర్లే లేవు. ఏం చేయాలి?

కాగితాల్లో ఆమె ‘ఫలానావారి భార్య’. పుట్టింటి ఇంటిపేరు ఎక్కడా రాయరు. అందుకని ఆమెను వెతకకుండా ఆమె అన్నదమ్ములను వెతకండి. పిల్లల పెళ్లి శుభలేఖల్లో మేనమామ పేరు, ఊరు ఉంటాయి. మేనరికాలు ఎక్కువగా ఉన్న ఇళ్లలో ఒకే ఇంటిపేరు తరం విడిచి తరం తిరిగి వస్తుంది, అది దారి చూపిస్తుంది. తద్దినాల్లో తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు చెబుతారు, మాతామహుల వైపు కూడా చెబుతారు. పురోహితుడి దగ్గర ఆ పేర్లు రాయించుకోండి.

మా పూర్వీకులు ఓడెక్కి వెళ్లిపోయారట. ఎలా వెతకాలి?

ఎక్కడికి అన్నదాన్ని బట్టి. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి వెళ్లి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా వెళ్లారు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఓడ పట్టీల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఫిజీకి వెళ్లినవాళ్ల వలస పాసుల్లోనూ అలాంటి వివరాలే ఉన్నాయి. మారిషస్ వాళ్ల రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇంగ్లిష్ దొరలు విన్నట్టు రాసుకున్న పేర్లవి. కాకినాడ అక్కడ కోకనాడ, విశాఖ జిల్లా విజగపటం, బందరు మసులిపటం. ఊరి పేరు గట్టిగా పైకి చదివి చూడండి, చెవికి తెలుస్తుంది. బర్మా వలస వేరు. మేస్త్రీల (కూలీలను కుదిర్చి తీసుకెళ్లేవాళ్ల) వెంట వెళ్లి వచ్చినవాళ్లు ఎక్కువ, ఈ పాసుల పద్ధతి వాళ్లకు వర్తించదు. 1942లో నడిచి తిరిగొచ్చిన కుటుంబాల జ్ఞాపకాలే అక్కడ పెద్ద ఆధారం.

## దొరికిన తర్వాత

ఒకే మనిషికి మూడు కాగితాల్లో మూడు తేదీలు. ఏది వేయాలి?

మూడూ రాయండి, ప్రతి దాని పక్కన ఎక్కడిదో రాయండి. సంఘటనకు దగ్గరగా, తెలిసినవాళ్లు చెప్పగా రాసిన దాన్ని ముందు పెట్టండి. పుట్టిన వారంలో రాసిన జాతకం, ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగం కోసం ఇచ్చిన తేదీ కంటే నయం. రిజిస్టర్‌లో తప్పుంటే చట్టం కూడా పాత ఎంట్రీని చెరపనివ్వదు, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి సంతకం చేయిస్తుంది. మీరూ అదే పద్ధతి పాటించండి.

దొరికినవన్నీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో, వెబ్‌సైట్లలో పెట్టవచ్చా?

పోయినవాళ్ల వివరాలు పెట్టవచ్చు, అయినా ముందు వాళ్ల పిల్లలకు చూపించండి. దత్తత, రెండో పెళ్లి, వదిలేసిన భార్య లాంటివి రిజిస్టర్‌లో ఒక్క లైనులో ఉంటాయి, కానీ ఇంట్లో ఇంకా ఎవరినో నొప్పిస్తాయి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీ, తల్లి ఇంటిపేరు, సర్టిఫికెట్ ఫొటోలు బయట పెట్టవద్దు, బ్యాంకు మోసాలు చేసేవాళ్లకు కావలసింది అవే. అసలు కాగితాలను లామినేషన్ చేయించకండి, సిరా పోతుంది, కాగితం ఊపిరాడక పెళుసవుతుంది. స్కాన్ చేసి, ఫైలు పేరులో ఊరు, ఏడు, ఆఫీసు పేరు పెట్టి, కనీసం రెండు ఇళ్లలో ఉంచండి.